టెక్సాసు వలసజనుల తిరుగుబాటు - అమెరికా మెక్సికో యుద్ధము

రెండు రాజ్యములకు యుద్ధము సంభవించినప్పుడు మొదటి తుపాకి నెవరు ప్రేల్చిరని అడుగుట లోకసహజము. చరిత్ర విమర్శకుడు ఆ ప్రశ్నతో ఆగరాదు. తుపాకి ప్రేలిన చోటునకు ఆ సైన్యములు ఏల చేరినవి, ఆ నేల ఎవరిది, దానిపై నివసించినవారు ఏ హామీలతో అచ్చటికి వచ్చిరి అను విషయములను వెనుకకు నడచి విచారింపవలయును. 1846-1848 సంవత్సరములలో అమెరికా సంయుక్త రాష్ట్రములకును మెక్సికోకును జరిగిన యుద్ధము ఇట్టి విచారణకు మిక్కిలి తగినది. 1846 ఏప్రిల్ 25వ తేదీన రియో గ్రాండి నది ఉత్తరతీరమున జరిగిన ఒక చిన్న ఘర్షణ ఆ యుద్ధమునకు తక్షణ కారణముగా చెప్పబడుచున్నది. కాని ఆ ఘర్షణకు వెనుక పాతికేండ్ల వలసచరిత్ర కలదు. తాను పాలింపజాలని నేలను పరదేశీయులచేత నింపబూనిన మెక్సికో విధానమును, జనులు ముందు నడువగా జెండా వెనుక నడచిన సంయుక్త రాష్ట్రముల విస్తరణమును ఒకే భూమిపై కలిసికొనుటయే ఈ యుద్ధమునకు మూలమనియు, ఆ రెంటిని విడదీయరాని ముడిగా బిగించినది బానిసత్వమనియు నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఎల్లల పూర్వచరిత్ర

1803లో సంయుక్త రాష్ట్రములు ఫ్రాన్సునుండి లూసియానా ప్రదేశమును కొనెను. ఆ ప్రదేశమునకు పశ్చిమపుటెల్ల ఏదియో క్రయపత్రమున స్పష్టముగా లేదు. అందుచే టెక్సాసు కూడ అందు చేరినదేయని వాదించువారు ఆనాడే బయలుదేరిరి. 1819లో విదేశాంగ కార్యదర్శి జాన్ క్విన్సీ ఆడమ్సు స్పెయిను రాయబారి ఓనిస్‌తో సంధి కుదుర్చుకొని ఈ వివాదమును తీర్చెను. ఆ సంధి ననుసరించి ఫ్లోరిడా సంయుక్త రాష్ట్రములకు వచ్చెను. సబీన్ నది టెక్సాసువైపు ఎల్లయయ్యెను. టెక్సాసుపై తమకు గలదని చెప్పుకొనిన హక్కును సంయుక్త రాష్ట్రములు వదలుకొనెను. 1821లో ఈ సంధి అమలులోనికి వచ్చెను. ఆ సంవత్సరముననే మెక్సికో స్వతంత్రమై, స్పెయినునుండి ఆ ఎల్లను వారసత్వముగా పొందెను. 1828లో ఉభయరాజ్యములును ఆ ఎల్లనే మరల అంగీకరించినవి. కాబట్టి తిరుగుబాటునకు ముందు టెక్సాసు మెక్సికోదని సంయుక్త రాష్ట్రములే వ్రాతమూలకముగా ఒప్పుకొనియుండెననుట నిస్సంశయము.

అయితే కాగితముపై నున్న ఏలుబడి వేరు, నేలపై నున్న ఏలుబడి వేరు. 1810 మొదలు పదునొకండేండ్లు సాగిన స్వాతంత్ర్య సమరమున మెక్సికో బొక్కసము వట్టిపోయెను. ఉత్తరపు సరిహద్దు రాజధానికి బహుదూరము. అంత విశాలమైన టెక్సాసున స్పానిషు భాషీయులు కొలదివేలమంది మాత్రమే. వారును సాన్ అంటోనియో, గోలియాడు, నాకడోచెసు అను మూడు ఊళ్ళ చుట్టును నివసించుచుండిరి. తక్కిన భూమి యథార్థముగా కొమాంచీలు మున్నగు ఆదిమజాతులది. గుఱ్ఱపుస్వారియందు ఆరితేరిన కొమాంచీలు ఊళ్ళపై దాడిచేసి పశువులను, మనుష్యులను గొనిపోవుచుండిరి. వారి నెదుర్కొనుటకు తగిన సైన్యము మెక్సికోకు లేదు. జనమును నింపినచో నేల నిలుచునని ఆ ప్రభుత్వము తలచెను. ఈ తలంపునుండియే తరువాతి కథ యంతయు పుట్టినది.

వలసకు ఆహ్వానము

మోజెస్ ఆస్టిను అను అమెరికను వ్యాపారి 1821 ప్రారంభమున స్పానిషు అధికారులనుండి మూడువందల కుటుంబములను టెక్సాసులో స్థిరపరచుటకు అనుమతి పొందెను. అతడా సంవత్సరమే మరణింపగా కుమారుడు స్టీఫెన్ ఆస్టిను ఆ పనిని చేపట్టెను. కొత్త మెక్సికో ప్రభుత్వము ఆ అనుమతిని స్థిరపరచి, 1824లో జాతీయ వలసశాసనమును చేసెను. కొవహీలా, టెక్సాసులు కలిసిన ఉమ్మడి రాష్ట్రము 1825లో తన వలసశాసనమును చేసెను. కుటుంబములను తెచ్చి నిలుపు బాధ్యతను గుత్తకు దీసికొనినవారికి ఎంప్రెసారియోలని పేరు. వారిలో ఆస్టినే అందరికంటె కృతకృత్యుడు.

జనులు ఏల వచ్చిరో తెలియవలెనన్న భూమి వెలను చూడవలయును. 1820 శాసనము ననుసరించి సంయుక్త రాష్ట్రములలో ప్రభుత్వభూమి ఎకరము 1.25 డాలరు, 80 ఎకరములకు తక్కువ అమ్మరు, అరువు లేదు, రొక్కమే చెల్లింపవలయును. 1819లో వచ్చిన ఆర్థికసంక్షోభముచే అప్పులపాలైన రైతుకు రొక్కమెక్కడిది? టెక్సాసులో ననో, పశువుల మేపు కుటుంబయజమానికి 4,428 ఎకరముల బీడు, సేద్యమునకు మరి 177 ఎకరములు స్వల్పమైన రుసుముతో లభించుచుండెను. కొన్ని సంవత్సరములపాటు పన్నులు, సుంకములు లేవు. ఇందులకు ప్రతిగా వలసజనులు మెక్సికో పౌరులై, ఆ దేశపు శాసనములకు లోబడి, కేథలిక్కు మతము నవలంబింపవలయును. మతవిషయమున ఈ నియమము చాలవరకు పేరునకే మిగిలెను. ఆస్టిను మాత్రము చాలకాలము తన ప్రమాణమునకు కట్టుబడెను. 1826 డిసెంబరులో నాకడోచెసునందు హేడెన్ ఎడ్వర్డ్సు పక్షమువారు ఫ్రెడోనియా అను పేర స్వతంత్ర రాజ్యమును ప్రకటింపగా, ఆస్టిను మెక్సికో సైన్యము పక్షమున నిలిచి దాని నణచుటకు తోడ్పడెను. వలసజను లందరును మొదటినుండి కుట్రతో వచ్చిరనుటకు ఈ సంఘటన విరుద్ధము.

బానిసత్వపు చిక్కు

వలసజనులలో పెక్కుమంది సంయుక్త రాష్ట్రముల దక్షిణభాగమునుండి వచ్చినవారు. వారి సేద్యము ప్రత్తి. ఆ సేద్యమునకు ఆధారము నీగ్రో బానిసల శ్రమ. ఆస్టిను 1821లో ప్రకటించిన తొలి పథకమున కుటుంబము తెచ్చు ఒక్కొక్క బానిసకు 80 ఎకరముల చొప్పున యజమానికి అదనపు భూమి ఏర్పాటు చేయబడెను. మెక్సికోలో ననో ప్రవాహము ఎదురుదిక్కున సాగుచుండెను. 1827 నాటి కొవహీలా టెక్సాసు రాజ్యాంగము, ఇకమీద పుట్టు శిశువెవ్వడును బానిస కాడనియు, ఆరుమాసముల తరువాత కొత్త బానిసలను తేరాదనియు విధించెను. వలసజనులు దీనికి ఉపాయము కనిపెట్టిరి. సరిహద్దు దాటకముందే బానిసచేత కూలిఒప్పందముపై గుర్తు పెట్టించి, తన వెలను కూలిగా తీర్చువరకు సేవచేయవలెనని వ్రాయించుకొనిరి. ఆ అప్పు ఆ జన్మలో తీరునది కాదు. 1828లో రాష్ట్రశాసనసభ ఇట్టి ఒప్పందములను చెల్లుబాటు చేసెను. పేరు మారెను, బానిస మారలేదు.

1829 సెప్టెంబరు 15వ తేదీన అధ్యక్షుడు వీసెంతే గెర్రేరో దేశమంతటను బానిసత్వమును రద్దుచేసెను. అతడు ఆఫ్రికా సంతతి రక్తము గలవాడు. టెక్సాసునుండి నిరసన చెలరేగగా ఆ సంవత్సరాంతముననే టెక్సాసునకు మినహాయింపు లభించెను. శాసనము చేసి సడలించుట, సడలించి మరల బిగించుట మెక్సికోకు అలవాటయ్యెను. ఇది వలసజనులకు రెండు పాఠములను నేర్పినది: తమ ఆస్తికి ఆ రాజ్యమున భద్రత లేదని ఒకటి, గట్టిగా నిలిచినచో ఆ రాజ్యము వెనుదీయునని మరియొకటి.

తెరాన్ హెచ్చరిక

1828లో మాన్యుయెల్ దె మియర్ ఇ తెరాన్ అను సేనాని సరిహద్దును పరిశీలించుటకు టెక్సాసునకు పంపబడెను. సాన్ అంటోనియోనుండి తూర్పునకు పోయినకొలది మెక్సికో జాడ తగ్గుచు, నాకడోచెసు చేరునప్పటికి ఇంచుమించు కనుమరుగగుట అతడు గ్రహించెను. బడులు, వర్తకము, భాష అన్నియు పొరుగుదేశమువే. అతని నివేదికల ఫలితముగా 1830 ఏప్రిల్ 6వ తేదీ శాసనము వెలువడెను. అది సంయుక్త రాష్ట్రములనుండి వలసను నిషేధించెను. బానిసల దిగుమతిని ఆపెను. కొత్త కోటలకు, సుంకపు ఠాణాలకు ఏర్పాటుచేసెను. రోగనిర్ణయము సరియైనదే, కాని చికిత్స వేళ మించినది. శాసనమును అమలు జరుపుటకు సైనికులు చాలకపోయిరి. అనుమతితో వచ్చువారు తగ్గిరి గాని అనుమతి లేక వచ్చువారు పెరిగిరి. 1832లో తెరాన్ నైరాశ్యమున ఆత్మహత్య చేసికొనెను. 1834లో నిషేధము ఎత్తివేయబడగా వలస మరల ఉప్పొంగెను. 1836 నాటికి ఆంగ్లభాషీయులు సుమారు 30,000, బానిసలు సుమారు 5,000 కాగా, స్పానిషు భాషీయులు కొలదివేలుగనే మిగిలిరి. కొమాంచీలనుండియు పొరుగు రాజ్యమునుండియు చేనును కాపాడుటకు నాటిన కంచె ఇప్పుడు చేనుకంటె పెద్దదయ్యెను.

తిరుగుబాటు

అయినను తిరుగుబాటునకు బానిసత్వ మొక్కటియే కారణమని చెప్పుట సత్యదూరము. 1824 రాజ్యాంగము సమాఖ్య విధానమును స్థాపించినది. 1835లో సాంటా ఆనా పక్షమువారు ఆ రాజ్యాంగమును రద్దుచేసి, రాష్ట్రములను కేంద్రమునకు లోబడిన మండలములుగా మార్చిరి. దీనిని ప్రతిఘటించినది టెక్సా సొక్కటియే కాదు. జకటెకాసు రాష్ట్రము ఎదురు తిరుగగా 1835 మేలో సాంటా ఆనా దానిని కఠోరముగా అణచివేసెను. యుకటాను తరువాత విడిపోయెను. స్పానిషు భాషీయులైన హ్వాన్ సెగీన్, హోసే ఆంటోనియో నవారో వంటివారు తిరుగుబాటు పక్షమున నిలిచిరి. మెక్సికో ప్రభుత్వమున మంత్రిగా నుండిన లోరెంజో దె జవాలా టెక్సాసు తాత్కాలిక ప్రభుత్వమున ఉపాధ్యక్షుడయ్యెను. 1833లో టెక్సాసును ప్రత్యేక రాష్ట్రము చేయుమని కోర మెక్సికో నగరమునకేగిన ఆస్టిను 1834 ప్రారంభమునుండి కారాగారమున మగ్గి 1835లో తిరిగివచ్చెను. ఒకనాడు ఫ్రెడోనియాను అణచిన అతడే ఇప్పుడు యుద్ధము తప్పదని ప్రకటించెను. మితవాదిని కోల్పోవుట మెక్సికోకు కలిగిన పెద్ద నష్టము.

1835 అక్టోబరు 2వ తేదీన గొంజాలెసు గ్రామమున ఒక చిన్న ఫిరంగిని తిరిగి యిమ్మని సైనికులడుగగా వలసజనులు నిరాకరించిరి. అచ్చట పోరు మొదలయ్యెను. డిసెంబరునాటికి సాన్ అంటోనియో వారి వశమయ్యెను. 1836 మార్చి 2వ తేదీన స్వాతంత్ర్యము ప్రకటింపబడెను. మార్చి 6న సాంటా ఆనా అలమో దుర్గమును పట్టుకొని రక్షకులను సంహరించెను. మార్చి 27న గోలియాడులో లొంగిపోయిన మూడువందలకు పైబడిన బందీలు అతని ఆజ్ఞచే కాల్చివేయబడిరి. ఈ రెండు ఘటనలును భయపెట్టుటకు మారుగా పగను పెంచి, సంయుక్త రాష్ట్రములనుండి స్వచ్ఛంద సైనికులను రప్పించెను. తటస్థత శాసనము గ్రంథస్థమై యుండెను గాని వారి నాపినవారు లేరు. ఏప్రిల్ 21న సాన్ జసింటో వద్ద సామ్ హూస్టను సైన్యము పగటివేళ విశ్రమించుచున్న శత్రువుపై బడి సుమారు 18 నిమిషములలో విజయము పొందెను. సాంటా ఆనా మరునాడు పట్టుబడెను.

కొత్త గణరాజ్యపు రాజ్యాంగమును చదివినవారికి ఆ స్వేచ్ఛ ఎవరిదో తెలియగలదు. బానిసలను విడిపించు అధికారము అందు శాసనసభకు లేదు. స్వతంత్రులైన నీగ్రోలు శాసనసభ అనుమతి లేక అచ్చట నివసింపరాదు. బెంజమిన్ లండీ మొదలగు బానిసత్వ వ్యతిరేకులు ఈ తిరుగుబాటు కేవలము బానిస యజమానుల కుట్రయని ఆనాడే వ్రాసిరి. ముందుగా పన్నిన కుట్ర కలదనుటకు ఫ్రెడోనియా నాటి ఆస్టిను నడవడి అడ్డు వచ్చును. కాని తిరుగుబాటు ఫలించిన పిమ్మట మొదట భద్రపరుపబడిన ఆస్తి ఏదియో ఆ రాజ్యాంగమే సాక్ష్యమిచ్చుచున్నది. ఫిర్యాదు నిజమైనది, ఆ ఫిర్యాదు వెనుక దాగిన లాభమును నిజమైనదే. స్పానిషు భాషీయుల గతియు దీనినే చాటును. సాన్ అంటోనియో నగరాధ్యక్షుడైన సెగీన్ తాను స్వేచ్ఛ తెచ్చిన నేలపై అనుమానపాత్రుడై 1842లో మెక్సికోకు పారిపోవలసి వచ్చెను.

విలీనము

బందీయైన సాంటా ఆనా 1836 మే 14న వెలాస్కో వద్ద రెండు పత్రములపై సంతకము చేసెను. వానిని మెక్సికో శాసనసభ అంగీకరింపలేదు. అయినను టెక్సాసు శాసనసభ ఆ డిసెంబరుననే రియో గ్రాండి తన ఎల్లయని ప్రకటించెను. ఇచ్చట మూలపత్రమును జాగ్రత్తగా చదువవలయును. వెలాస్కో రహస్య పత్రము టెక్సాసు ఎల్ల రియో గ్రాండిని దాటరాదని చెప్పినదే గాని, ఆ నదివరకు గల నేల టెక్సాసుదని చెప్పలేదు. స్పానిషు కాలమునుండియు టెక్సాసునకు దక్షిణపుటెల్ల న్యూయెసెస్ నది. ఈ రెండు నదుల నడుమ సముద్రతీరమున సుమారు 150 మైళ్ళ నేల తమౌలీపాసు రాష్ట్రమునకు చెందినది. అచ్చటి లరేడో మొదలగు స్థలములను టెక్సాసు ఎన్నడును స్థిరముగా పాలింపలేదు. 1841లో సాంతా ఫే నగరముపై అధికారమును చాటుటకు పంపిన దండు మెక్సికోవారికి చిక్కెను.

టెక్సాసు వెంటనే విలీనమును కోరినది. కాని ఉత్తరభాగపు వ్యతిరేకతకును మెక్సికోతో యుద్ధమునకును వెరచి 1837లో వాన్ బ్యూరెన్ ప్రభుత్వము నిరాకరించెను. 1844లో టైలర్ అధ్యక్షుడు పంపిన విలీనసంధిని సెనేటు 35-16 వోట్లతో త్రోసివేసెను. ఆ సంవత్సరాంతమున విస్తరణమునే పతాకముగా నెత్తిన జేమ్స్ పోక్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. సంధికి సెనేటులో మూడింట రెండువంతుల ఆమోదము కావలయును. ఉభయసభల తీర్మానమునకు సామాన్యాధిక్యము చాలును. విస్తరణవాదు లీ రెండవ మార్గమును త్రొక్కిరి. ప్రతినిధుల సభలో 120-98, సెనేటులో 27-25 వోట్లతో నెగ్గిన తీర్మానముపై 1845 మార్చి 1వ తేదీన టైలర్ సంతకము చేసెను. మెక్సికో రాయబారి అల్మోంటే వెంటనే వాషింగ్టను విడిచిపోయెను. విలీనము మానుకొనినచో టెక్సాసు స్వాతంత్ర్యమును గుర్తింతుమని మెక్సికో ఆ మేలో తెలిపెను. తొమ్మిదేండ్ల క్రితము ఈ మాట వచ్చియున్నచో ఫలితము వేరుగా నుండెడిదేమో. ఇప్పుడు టెక్సాసు దానిని వినలేదు. ఖండమంతటను వ్యాపించుట తమ జాతికి దైవము వ్రాసిన వ్రాతయను నినాదము పత్రికలలో వెలసినదియు ఆ 1845వ సంవత్సరముననే. డిసెంబరు 29న టెక్సాసు రాష్ట్రమయ్యెను.

రెండు నదుల నడుమ

పోక్ దృష్టి టెక్సాసుతో ఆగలేదు. కాలిఫోర్నియా రేవులపై అతనికి మక్కువ. 1845 చివర జాన్ స్లైడెల్‌ను 2.5 కోట్ల డాలర్లవరకు ఇచ్చి కాలిఫోర్నియా, న్యూ మెక్సికోలను కొనుటకై పంపెను. దేశభాగమును అమ్ముకొనెనను నిందకు వెరచి ఏ మెక్సికో ప్రభుత్వమును అతనికి దర్శనమీయలేదు. 1846 జనవరి 13న జకరీ టేలర్ సేనాని రియో గ్రాండికి కదలవలెనని ఆజ్ఞ వెడలెను. నాటి అమెరికా స్థిరసైన్యములో ఇంచుమించు సగము అతని వెంట నుండెను. మార్చి చివర ఆ సైన్యము నదిని చేరి మెక్సికో పట్టణమైన మతమోరాసునకు ఎదురుగా ఫిరంగులు నిలిపెను. ఏప్రిల్ 25న మెక్సికో ఆశ్వికులు అమెరికను గస్తీదళముపై బడిరి. కొందరు చచ్చిరి, పలువురు బందీలైరి.

కాలక్రమమిచ్చట గమనింపదగినది. మే 9వ తేదీన, ఈ వార్త అందకముందే, యుద్ధప్రకటన కోరుట గూర్చి పోక్ తన మంత్రులతో ఆలోచించెను. ఆ సాయంకాలము వార్త చేరెను. మే 11న అమెరికను నేలపై అమెరికనుల రక్తము చిందినదని శాసనసభకు అతడు తెలియజేసెను. మే 13న యుద్ధము ప్రకటింపబడెను. సెనేటులో ఇద్దరు, ప్రతినిధుల సభలో 14 మంది మాత్రమే వ్యతిరేకించిరి. ఆ పదునలుగురిలో 1819 సంధిని కుదిర్చిన జాన్ క్విన్సీ ఆడమ్సు ఒకడు. రక్తము చిందిన ఆ చోటు ఖచ్చితముగా ఏదియో చూపుమని 1847 డిసెంబరులో ఇల్లినాయి ప్రతినిధి అబ్రహాం లింకను తీర్మానముల మూలమున నిలదీసెను. మరుసటి మాసమున ప్రతినిధుల సభయే, ఈ యుద్ధము అధ్యక్షునిచే అనవసరముగా, రాజ్యాంగవిరుద్ధముగా ప్రారంభింపబడినదని 85-81 వోట్లతో ఉద్ఘాటించెను. యుద్ధమును, బానిసత్వమును నిరసించి పన్ను చెల్లింపక 1846లో ఒక రాత్రి చెరసాలలో గడపిన థోరో తరువాత వ్రాసిన వ్యాసమును గాంధీజీ దక్షిణాఫ్రికాలో చదివి తన పత్రికలో పరిచయము చేసెను. ఆ నదీతీరపు వివాదముయొక్క ప్రతిధ్వని ఆ విధముగా మన దేశచరిత్రనుకూడ తాకినది.

టెక్సాసు కథ మరియొకచోట క్షిప్రరూపమున పునరావృత్తమయ్యెను. 1846 జూన్ 14న, యుద్ధవార్త తమకింకను అందకముందే, కాలిఫోర్నియాలోని సొనోమా పట్టణమున కొలదిమంది అమెరికను వలసజనులు ఎలుగుబంటి జెండా నెత్తి గణరాజ్యమును ప్రకటించిరి. టెక్సాసున పదేండ్లు పట్టిన పరిణామము ఇచ్చట నెల తిరుగకముందే ముగిసి, సంయుక్త రాష్ట్రముల జెండా ఆ స్థానమున ఎగిరెను. వలస, తిరుగుబాటు, విలీనము అను క్రమము యాదృచ్ఛికము కాదనుటకు ఇది బలమైన నిదర్శనము.

యుద్ధక్రమము ఇచ్చట విస్తరింప నవసరము లేదు. 1847 మార్చిలో విన్‌ఫీల్డ్ స్కాట్ వెరాక్రూజ్ వద్ద దిగి, సెప్టెంబరు 14న మెక్సికో నగరమును పట్టుకొనెను. అమెరికను సైనికులు సుమారు 13,000 మంది మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు యుద్ధమున గాక రోగములచే చనిపోయినవారు.

ఫలితములు

1848 ఫిబ్రవరి 2వ తేదీ గ్వాడలూపే హిడాల్గో సంధిచే మెక్సికో టెక్సాసుతో కలిపి తన భూమిలో సగముకంటె ఎక్కువ కోల్పోయెను. ప్రతిఫలము 1.5 కోట్ల డాలర్లు. తొమ్మిది దినములకు ముందే కాలిఫోర్నియాలో బంగారము బయల్పడెను. సంధి చేసికొనినవారికి ఆ సంగతి తెలియదు. ఊరు కదలకయే దేశము మారిన మెక్సికనుల కందరకును ఆస్తిరక్షణ వాగ్దానము చేయబడెను. కాని పూర్వపు భూదానపట్టాలకు రక్షణనిచ్చు పదవ ప్రకరణమును సెనేటు తొలగించెను. 1851 శాసనము కాలిఫోర్నియాలోని పట్టాదారులే తమ హక్కును ఋజువు చేసికొనవలెనని విధించెను. వ్యాజ్యముల వ్యయముచే పెక్కు కుటుంబములు నేలను పోగొట్టుకొనెను. ఆదిమజాతుల సమ్మతిని ఈ సంధి వేళ అడిగినవారే లేరు.

విజేతకును ఈ విజయము జీర్ణము కాలేదు. యుద్ధము మొదలైన మూడు మాసములకే, 1846 ఆగస్టులో, గెలుచుకొను నేలలో బానిసత్వ ముండరాదని డేవిడ్ విల్మట్ ప్రతిపాదించెను. ఆ ప్రతిపాదనము శాసనము కాలేదు గాని ఉత్తర దక్షిణములను నిలువునా చీల్చెను. 1850 రాజీ ఆ చీలికను కొంతకాలము కప్పెను. 1861లో టెక్సాసు సంయుక్త రాష్ట్రములనుండియు విడిపోయెను. ఒకే తరమువారు ఒకే ఆస్తిని కాపాడుకొనుటకై రెండు రాజ్యములనుండి వేరుపడుట చరిత్రలో అరుదు. 1865 జూన్ 19న గాల్వెస్టనులో విమోచన ప్రకటన చదువబడినప్పుడు టెక్సాసు బానిసలు స్వతంత్రులైరి. గెర్రేరో ఆజ్ఞ వెలువడి అప్పటికి ముప్పదియైదేండ్లు దాటినవి.

ఇంతవరకు చూచినదానినిబట్టి ఈ యుద్ధమున కెవరు కారకులను ప్రశ్నకు ఒక్క పేరుతో సమాధానము చెప్పరాదు. భూమినిచ్చి, భాషను, న్యాయస్థానమును, రక్షణను ఈయలేకపోయిన మెక్సికో తన ఏలుబడిని తానే బలహీనపరచుకొనెను. ప్రమాణముచేసి పౌరులైనవారు, ప్రమాణమునకంటె ఆస్తిని మిన్నగా నెంచిరి. సంయుక్త రాష్ట్రములు తాము సంతకము చేసిన ఎల్లను తమ జనులు దాటుచుండగా ఆపక, దాటిన పిదప వారి కొరకే వచ్చితిమనెను. న్యూయెసెస్, రియో గ్రాండి నదుల నడుమ ప్రేలిన తుపాకి ఈ మూడింటికి తుదిఫలమేగాని మొదటి కారణము కాదు. ఎల్లను పటముపై గీయుట ఒక దినపు పని. ఆ యెల్లకు లోపల నున్నవారందరును తమవారే యను విశ్వాసమును కలిగించుట తరములపని. ఆ రెండవ పనిని విస్మరించిన రాజ్యములకు మొదటి గీత ఎంతకాలము నిలుచునో టెక్సాసు చరిత్ర తెలుపుచున్నది.